కర్నూల్లో జెనెటిక్ కౌన్సెలింగ్ సెంటర్: 4 స్టార్లు ఇచ్చినా, ఆ ఒక్కటి ఎందుకు కోసినానో చదవండి

ముందే చెప్తున్నా, ఇది చానా పొడుగు. నేను హోటల్‌కి కూడా రివ్యూ రాసే మనిషిని కాదు, ఇంట్లో బ్లౌజులు కుట్టుకునేదాన్ని, చెయ్యి బిగుతైతే వచ్చి అరిచిపోతారు గానీ నా పనికి ఎవరూ స్టార్లు ఇయ్యరు. కానీ మావాడి కండరాల జబ్బు కోసం రాత్రంతా ఫోన్లో వెతికినప్పుడు, వంశంలో వచ్చే జబ్బుల్ని టెస్ట్ చేయించి విడమరిచి చెప్పే ఇట్లాంటి చోటు మన ఊర్లో ఎట్ల ఉంటది, పోతే ఏం చేస్తారు, ఎంతవుతది అని తెలుగులో ఒక్క ముక్క దొరకలేదు. అందుకని రాస్తున్నా. సెంటర్ పేరు మాత్రం రాయను, మంచీ ఉంది చెడూ ఉంది, మీ పిల్లల డాక్టర్నే అడగండి, ఆ అవసరం వస్తే వాళ్ళే చీటీ రాసి పంపిస్తారు.

పద్ధతి ఏందంటే నెలకు ఒకసారి, రెండో శనివారం, హైదరాబాద్ నుంచి జెనెటిక్స్ డాక్టరు వస్తారు. మిగతా రోజులు కౌన్సెలర్ మేడం ఒకామె ఉంటారు. రక్తం ఇక్కడే తీస్తారు, టెస్ట్ వేరే ల్యాబ్‌లో అవుతది.

మావాడికి ఐదున్నరేళ్ళు. నడక ఏడాదిన్నరకి వచ్చింది, మగపిల్లోళ్ళకు లేటే అన్నారందరూ, సరే అనుకున్నాం. పరిగెత్తడం రాదు వాడికి, పరిగెత్తమంటే గబగబా నడుస్తాడు, నడుము కొంచెం ఊపుకుంటా. కింద కూర్చున్నోడు లేవాలంటే ముందు బోర్లా తిరుగుతాడు, రెండు చేతులు నేలకు ఆనిస్తాడు, పిర్ర పైకెత్తి, తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద, ఇంకోటి తొడ మీద, తన కాళ్ళ మీద తానే చేతులతో ఎక్కుతున్నట్టు లేస్తాడు. మా మామ అది చూసి "మన ఇంట్లో ముసలోడు పుట్టినాడప్పా" అని నవ్వేవాడు. మేమూ నవ్వినాం. నేనైతే వీడియో తీసి వాట్సాప్ స్టేటస్ పెట్టినా, 40 మంది నవ్వుల బొమ్మలు పంపినారు. దానికి గోవర్స్ సైన్ అని పేరుందని, డాక్టర్లు అది చూసే పట్టేస్తారని ఇప్పుడు తెలుసు. ఆ వీడియో ఇంకా నా ఫోన్లో ఉంది, కౌన్సెలర్ మేడం చూపించమంటే అదే చూపించినా.

ఇంకోటి పిక్కలు. సంక్రాంతికి వాడికి పైజామా కుడుతుంటే కింద కాలు ఎక్కలేదు. టేపు పెట్టి చూస్తే పిక్క 11 అంగుళాలు, ఎనిమిదేళ్ళ మా పాపకి 10 ఉంది. చేత్తో పట్టుకుంటే గట్టిగా, రబ్బరు బంతి లాగా. మా అత్త మురిసిపోయింది, "వస్తాదు అయితాడు నా మనవడు" అని దిష్టి తీసి ఎండుమిరపకాయలు పొయ్యిలో వేసింది. కొలతలు తీసుకోవడమే నా బతుకు, ఆ రోజు ఆ కొలత తప్పుగా ఉందని నాకు తట్టలేదు చూడండి, పైజామా కాలు అర అంగుళం వదులు చేసి ఇచ్చేసినా.

తర్వాత జ్వరమొచ్చి రక్తపరీక్ష చేస్తే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ రెండూ రెండొందలు దాటి ఉన్నాయి. లివర్ అన్నారు. ఐదు నెలలు లివర్ సిరప్ తాగించినాం, ఏ డాక్టరో చెప్పను. కళ్ళు పచ్చగా లేవు, బిలిరుబిన్ నార్మలే, అయినా మా అత్త ఊరుకుంటదా, ఊరికి తీసుకపోయి కామెర్ల పసరు పోయించింది, నూనె లేదు ఉప్పు లేదు పథ్యం పెట్టినాం, ఉన్న కొంచెం ఒళ్ళూ పాయె. ఇంకో చుట్టం పుత్తూరు కట్టు కట్టిస్తే కాళ్ళు సర్దుకుంటాయి అన్నాడు, ఎముక విరిగినోళ్ళకు కదా అది అన్నా వినడు. చివరికి వేరే పిల్లల డాక్టరు దగ్గరికి దగ్గుకని పోయినాం, వాడు కింద పడిన బొమ్మ తీసుకొని లేస్తుంటే ఆయన స్టెతస్కోపు పక్కన పెట్టి మళ్ళ ఒకసారి కూర్చో నాన్నా, లే నాన్నా అన్నాడు. సీపీకే అని ఒక్క టెస్ట్ రాసినాడు, కండ చెడిపోతుంటే అది రక్తంలో పెరుగుతదంట. మామూలుగా రెండొందల లోపు ఉండాల్సింది వీడికి 14,860 వచ్చింది. ఆ ఎస్‌జీపీటీలు లివర్లోనే కాదు కండరాల్లో కూడా ఉంటాయంట, కండ చెడిపోతుంటే రక్తంలోకి వచ్చేస్తాయంట. ఇది చదివే అమ్మలెవరికన్నా పిల్లోడి లివర్ రిపోర్ట్ ఎక్కువొచ్చి కామెర్లు లేకపోతే సీపీకే ఒకసారి చేయించమని అడగండి, 500 లోపే అయింది మాకు.

ఇప్పుడు సెంటర్ సంగతి. మొదటి కంప్లైంట్ ఇక్కడే మొదలు. కండరాల జబ్బు పిల్లల్ని చూసే చోటు మొదటి అంతస్తులో పెట్టినారు, లిఫ్ట్ లేదు! ఉంది, పని చేయదు, దాంట్లో చీపుర్లు బకెట్లు పెట్టుకున్నారు. 22 మెట్లు. మావాడు కమ్మీ పట్టుకొని ఒక్కో మెట్టుకు రెండు కాళ్ళూ పెట్టుకుంటా ఎక్కినాడు, మాకంటే ముందు ఒక పదమూడేళ్ళ పిల్లోణ్ణి వాళ్ళ నాయన వీపు మీద మోసుకొని ఎక్కుతున్నాడు, ఆ పిల్లోడి కాళ్ళు అటు ఇటు ఊగుతున్నాయి, మా ఆయన అది చూసి మొహం తిప్పుకున్నాడు. కింద మెడికల్ షాపు వెనక ఒక గది ఉంది, అడిగితే మేడమే కిందికి దిగొచ్చి చూస్తారంట, ఈ మాట మాకు రెండోసారి తెలిసింది. మీరు ముందే ఫోన్ చేసి అడగండి. బోర్డు పెట్టొచ్చు కదా అంటే పెడతాం అన్నారు, మూడు నెలలైంది.

కానీ పైకెక్కినాక లోపల జరిగిన పని మాత్రం నేను యాడా చూడలేదు. మామూలు ఆస్పత్రిలో మనం కుర్చీలో కూర్చునే లోపలే మందులు రాసేస్తారు. ఇక్కడ మేడం పెద్ద తెల్లకాగితం తీసి మా ఇంటి చెట్టు గీయడం మొదలుపెట్టింది, మగోళ్ళకు చదరం, ఆడోళ్ళకు గుండ్రం, పెళ్ళికి గీత, పిల్లలకు కింది గీతలు. నాకు బ్లౌజు డ్రాఫ్టింగ్ లాగా అనిపించి భయం కొంచెం తగ్గింది. మాది మేనరికం, మా ఆయన మా మేనత్త కొడుకు, అందుకని మా ఇద్దరి మధ్య డబుల్ గీత గీసింది. మా ఆయన వెంటనే "మేనరికం వల్లనే కదా మేడం ఇదంతా" అన్నాడు, ఆమె "ఆగండి, ఇంకా తెలీదు" అని నా వైపు తిరిగి, అమ్మా, మీ అమ్మ తరఫున మగపిల్లలు చిన్నప్పుడే కాళ్ళు పడిపోయినోళ్ళు, చిన్న వయసులో పోయినోళ్ళు ఎవరన్నా ఉన్నారా అని అడిగింది.

మా మేనమామ ఒకాయన ఉన్నాడంట, నేను పుట్టకముందే పోయినాడు. పోలియో అని చెప్పేవాళ్ళు. మేడం అడగమంటే అక్కడినుంచే గోనెగండ్లలో ఉన్న మా అవ్వకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టినా. అవ్వ చెప్తాంది, "వాడు ఏడేళ్ళ దాకా బాగనే తిరిగె నాయనా, తర్వాత ఊరికూరికే పడ్తుండె, పదకొండేళ్ళకు మంచం పట్టె, పదిహేడు నిండలా." పోలియో అట్ల మెల్లమెల్లగా రాదమ్మా అని మేడం నాకు మాత్రమే వినపడేట్టు చెప్పి, మా అమ్మ పక్కన ఉన్న చదరాన్ని పెన్నుతో నింపింది. ఫోన్లో అవ్వ ఇంకా చెప్తానే ఉంది, ఆ కరువులో పిల్లోడికి గుడ్డు కూడా పెట్టలేకపోతిమి, పెట్టింటే లేచేవాడేమో అని. యాభై ఏళ్ళ నుంచి ఆమె ఆ గుడ్డు మీదే ఉంది. ఆ రోజు నేనేం చెప్పలేకపోయినా, తర్వాత ఊరికి పోయి చెప్పినా, అవ్వా గుడ్డు వల్ల కాదు, రక్తంలోనే ఉండింది, ఏం పెట్టినా ఆగేది కాదంట అని. ఆమె నా మొహం చూసి "అట్లనా" అనింది, మళ్ళ చెరగడం మొదలుపెట్టింది.

రక్తం తీసినారు, ఎంఎల్‌పీఏ అనే టెస్ట్, మాకు 8,000 అయింది. డీఎండీ (డుషేన్ మస్కులర్ డిస్ట్రోఫీ, కండలు మెల్లమెల్లగా చెడిపోయే జబ్బు) ఉన్న పిల్లోళ్ళలో ఎక్కువమందికి జీన్‌లో ముక్కలు ఎగిరిపోవడమో రెండుసార్లు పడడమో ఉంటదంట, అది ఈ టెస్ట్‌లో తెలిసిపోతది, తెలీకపోతేనే పెద్ద టెస్ట్ సీక్వెన్సింగ్ అన్నారు. నేరుగా పెద్ద టెస్ట్ రాసి పైకం గుంజే పని చేయలేదు, అది మెచ్చుకోవాలి. కండ కోసి బయాప్సీ తీస్తారేమో అని మా ఆయన భయపడినాడు, ఇప్పుడు జీన్ టెస్ట్‌లో తేలితే దాని అవసరం ఉండదన్నారు.

ఇంక ఆ ఒక్క స్టార్ సంగతి. 19 రోజులకు, రాత్రి 9:40కి, నేను మరుసటి రోజు ఇయ్యాల్సిన బ్లౌజుకు హుక్స్ కుడుతుంటే వాట్సాప్‌కి టింగుమని పీడీఎఫ్ వచ్చింది. ఏ మాటా లేదు, నమస్కారం లేదు, ఊరికే పీడీఎఫ్. లోపలంతా ఇంగ్లీషు, "డీఎండీ జీన్, ఎగ్జాన్స్ 45 టు 50, డిలీషన్" అని బోల్డ్ అక్షరాల్లో. నేను పదో తరగతి వరకు చదివినా, డిలీషన్ అంటే తెలుసు, ఫోన్లో ఫోటోలు డిలీట్ చేస్తాం కదా. గూగుల్లో కొట్టినా. వీల్‌చెయిర్ ఫోటోలు, ఊపిరి మిషన్ల ఫోటోలు, ఇన్నేళ్ళకు ఇట్ల అయితది అన్న లెక్కలు. మావాడు నా పక్కనే కాళ్ళు నా ఒళ్ళో వేసి పడుకున్నాడు. మా ఆయన్ని లేపలేదు, ఆయన పొద్దున వన్‌టౌన్‌లో హార్డ్‌వేర్ షాపుకి పోవాల, లెక్కలు రాసే పని, నిద్ర లేకపోతే తప్పులు పడతాయి. పొద్దున 10 దాకా సెంటర్ ఫోన్ ఎత్తలేదు. ఆ హుక్కులు తప్పు వైపు కుట్టినా, పొద్దున విప్పి మళ్ళ కుట్టినా.

అడిగితే, ల్యాబ్ నుంచి ఫారంలో రాసిన నంబర్‌కి దానంతట అదే పోతదమ్మా అన్నారు. ఫారం కింద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఒక టిక్ ఉందంట, రిపోర్ట్ నేరుగా నాకే పంపండి అని, అది రిసెప్షన్ పిల్లే కొట్టేసింది, మమ్మల్ని అడగలేదు. పెళ్ళి కార్డు ఇచ్చేదానికి ఇంటికొచ్చి బొట్టు పెట్టి చెప్పే మనుషులం మనం, ఇట్లాంటిది రాత్రిపూట ఫోన్లో పడేస్తారా. మేడం మాత్రం తప్పు మాదే అని ఒప్పుకొని, ఆ రోజు వేరే వాళ్ళను జరిపి మమ్మల్ని పిలిచింది. గంట పైనే కూర్చోబెట్టుకుంది.

ఆ గంట గురించి రాయాలి. జీన్, ఎగ్జాన్ అంటే ఏం తెలుస్తది నాకు, ఆమెకూ అది తెలుసు. కాగితం మీద పలక, గడప, నడక, వరద అని రాసింది. అన్నీ మూడక్షరాల మాటలు. ఒళ్ళు కూడా ఇట్లనే మూడేసి అక్షరాలు చదువుకుంటా పోతదమ్మా, కండకు కావాల్సిన డిస్ట్రోఫిన్ అనే పదార్థం ఎట్ల చేయాల్నో ఈ వరసలో రాసి ఉంటది, దానికి 79 ముక్కలు, మీవాడికి 45 నుంచి 50 దాకా 6 లేవు అని చెప్పి, పలకలో "క" ఒక్కటి కొట్టేసి, ఇప్పుడు మూడేసి చదువు అనింది. చదివినా. పలగ, డపన, డకవ, రద. ఒక్క అక్షరం పోతే వెనకున్నవన్నీ పాడైపాయె. తర్వాత మళ్ళ మొత్తం రాసి "గడప" అనే మాట మొత్తం కొట్టేసింది, పలక, నడక, వరద, ఒక మాట పోయినా మిగతావి సరిగ్గా ఉన్నాయి. ఇట్ల పోయినోళ్ళకు జబ్బు తేలిగ్గా ఉంటది, దాన్ని బెకర్ అంటారు, మనవాడిది మొదటి రకం, డుషేన్ అనింది. ముక్కలు ఎన్ని పోయినాయి అన్నది కాదు, మిగతాది చదవడానికి వస్తదా రాదా అన్నదే లెక్క అనింది. మా ఆయన లెక్కల మనిషి కదా, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇప్పటికీ పర్సులో ఉంది.

మందు ఉందా అంటే పూర్తిగా తగ్గించేది లేదు అని మొహం మీదే చెప్పింది, తిప్పి తిప్పి చెప్పలేదు, అది నాకు నచ్చింది. స్టెరాయిడ్ వాడితే నడిచే కాలం పెరుగుతది, గుండెకు ఊపిరికి మంచిది, ఏటా ఎకో, అంటే గుండె స్కాన్, తీయించాలి, శ్రద్ధగా చూసుకుంటే ముప్పై దాటిన వాళ్ళు కూడా ఉన్నారు అనింది. ఈలోపల మా తోడికోడలు "టీవీలో చూపిస్తారే 16 కోట్ల ఇంజెక్షన్, చందాలు ఎత్తుదాం" అని గ్రూపులో పెట్టేసింది. అది ఎస్‌ఎంఏ అనే వేరే జబ్బుకి అంట, మనకు పనికిరాదు. అప్పటికే ఇద్దరు ముగ్గురు డబ్బులు పంపినారు, వెనక్కి పంపేదానికి తలప్రాణం తోకకొచ్చింది.

మేనరికం సంగతి కూడా ఆ రోజే తేలింది. ఈ జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటది, కొడుక్కి ఎక్స్ వచ్చేది తల్లి నుంచే, మా ఆయన రక్తం కలిసినా కలవకపోయినా ఇది వచ్చేదే. వేరే జబ్బులు కొన్ని మేనరికంతో ఎక్కువ వస్తాయి, అది నిజమే, కానీ దీనికి మేనరికం కారణం కాదు. నా రక్తం కూడా టెస్ట్ చేసినారు, నేను క్యారియర్, అంటే నాకు జబ్బు లేకున్నా ఆ చెడిన జీన్ నాలో ఉంది. ప్రతి మూడింటిలో ఒక కేసు దాకా తల్లిలో ఏమీ లేకుండా కొత్తగా బిడ్డలోనే వస్తదంట, మాది అట్ల కాదు, మా మేనమామ చదరం అప్పటికే చెప్పేసింది. ఇంట్లో ఈ మాట చెప్పినరోజు మా అత్త "అయితే మీ అమ్మోళ్ళ తరఫుదే" అనింది. మేనత్త అయినా అత్తే కదా. మా ఆయన పళ్ళెం పక్కకు నెట్టి, "అమ్మా, వీడి పసరుకు ఐదు నెలలు పోగొట్టింది మన తరఫు" అన్నాడు. అంతే, మళ్ళ ఆ మాట రాలేదు. రెండు రోజులకు ఆమే నువ్వులనూనె గోరువెచ్చగా చేసుకొని వచ్చింది, ఫిజియో చెప్పినట్టు మడమ వెనక నరం సాగదీయడం నాకంటే బాగా చేస్తది ఇప్పుడు.

మా పాపకి కూడా టెస్ట్ చేయండి అంటే మేడం ఒప్పుకోలేదు. ఆమెకు ఇప్పుడు జబ్బేం లేదు, క్యారియరా కాదా అన్నది పెద్దయినాక ఆమె తెలుసుకోవాలనుకుంటే తెలుసుకుంటది, ఇప్పుడు మనం ముద్ర వేయొద్దు అనింది. డబ్బులొచ్చే టెస్ట్ వద్దనే సెంటర్ ఇదొక్కటే చూసినా. నన్ను మాత్రం గుండె చూపించుకోమనింది, క్యారియర్ అయిన ఆడోళ్ళకు కూడా గుండె బలహీనమయ్యే అవకాశం ఉంటదంట, మావాడితో పాటు నేనూ ఎకో తీయించుకున్నా, బాగుంది.

పనికొచ్చేవి కొన్ని గబగబా చెప్తా. స్టెరాయిడ్ మొదలుపెట్టేముందు టీకాలన్నీ అయినాయో లేదో చూపించుకోండి, అమ్మవారు పోయకుండా వేసే చికెన్‌పాక్స్ టీకా ముఖ్యంగా. మధ్యలో మానేయకూడదు, బరువు పెరిగినాడనో మొహం ఉబ్బిందనో మనంతట మనం ఆపేస్తే ప్రమాదం. ఎప్పుడన్నా ఏ చిన్న ఆపరేషన్ అన్నా, పన్ను పీకడమైనా సరే, ఇది డీఎండీ అని మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, కొన్ని మత్తు మందులు వీళ్ళకు ప్రాణం మీదికి తెస్తాయి, మేడం ఒక కార్డు రాసిచ్చింది, స్కూల్ బ్యాగులో ఒకటి, నా పర్సులో ఒకటి పెట్టినా. 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల్లో ఈ కండరాల జబ్బు కూడా ఉంది, వికలాంగుల సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ బుక్ చేసుకోండి, మన రాష్ట్రంలో మామూలు వికలాంగుల పెన్షన్ 6,000, జబ్బు ముదిరి వీల్‌చెయిర్‌కో మంచానికో పరిమితమైనోళ్ళకు 15,000. ఇంకా 2021లో కేంద్రం రేర్ డిసీజెస్ (అరుదైన జబ్బుల) పాలసీ తెచ్చింది, దాంట్లో డీఎండీ పేరుంది, 50 లక్షల దాకా సాయం అంటారు గానీ చేతికివ్వరు, వాళ్ళు గుర్తించిన సెంటర్ ద్వారానే, మనకు దగ్గరంటే హైదరాబాద్‌లో జీన్ టెస్టులు చేసే కేంద్ర సంస్థ సీడీఎఫ్‌డీ. పేరు నమోదు చేయించుకోమని మేడమే రాసిచ్చింది.

కన్సల్టేషన్ 700, నెల లోపల రెండోసారికి తీసుకోలేదు. శనివారం డాక్టరు వచ్చినరోజు జనం ఎక్కువ, బళ్ళారి నుంచి కూడా వస్తారు, మేము 9కి పోతే 1 అయింది. పిల్లలకు ఆడుకునేదానికి ఏం లేదు, ఒక చక్రం ఊడిన కారు ఉంది. బండి పెట్టుకునేదానికి చోటు లేదు, బాత్రూం పర్లేదు. సందు చివర బండి మీద ఉగ్గాని బజ్జీ బాగుంటది, 11 లోపల అయిపోతది, ముందే తినేసి పైకి పోండి.

వచ్చే రెండో శనివారం మళ్ళ పోతున్నాం, ఈసారి మావాడితో పాటు మా చెల్లెల్ని కూడా తీసుకపోతున్నా. ఆదోనిలో ఇచ్చినాం దాన్ని, పెళ్ళయి ఎనిమిది నెలలు, ఇంకా పిల్లల్లేరు. అత్తగారింట్లో చెప్పాల్నా వద్దా అని నెలరోజులు ఏడ్చింది, చివరికి మరిదే బండి మీద తీసుకొస్తానన్నాడు. కిందిగది కావాలని ఫోన్ చేసి చెప్పినా. ఫారం నేనే నింపుతా అని కూడా చెప్పినా, ఆ టిక్కు కాడ ఇంటూ కొట్టి, రిపోర్ట్ ఫోనుకు పంపొద్దు, మనిషిని పిలిచి చెప్పండి అని తెలుగులో పెద్దగా రాసి చెల్లెలి చేత సంతకం పెట్టిస్తా.